భిక్ష పెట్టిన చేతులు

స్వాములకు భిక్ష పెట్టిన రోజు సమత బడికి సెలవు పెట్టింది. ప్రైవేటు బడి కాబట్టి ఆ రోజు జీతం పోయింది. మొయినాబాద్‌లో ఆమె పాఠాలు చెప్పే ఆ బడి ప్రిన్సిపాల్, "మాల మీ సార్ వేసుకున్నడా, మీరు వేసుకున్నరా మేడమ్?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. స్వాములు తిని వెళ్లాక గిన్నెలు తోముతున్నంతసేపూ ఆ మాట ఆమెను వదల్లేదు.

మాల భర్త రంజిత్ మెడలో ఉంది. దీక్ష చాలావరకు ఆమే చేస్తోంది. తెల్లవారకముందే తలస్నానం, తడి తలతో పొయ్యి ముందు నిలబడటం, ఉల్లి లేని వంట, అతని నల్ల బట్టలు విడిగా ఉతికి విడిగా ఆరేయడం, అతను తిని లేచాక తినడం. ఆ తర్వాత బస్సు పట్టుకుని బడికి పోవడం. "పుణ్యంల సగం నీకే వస్తది" అంటుంది అత్త కౌసల్యమ్మ. పనిలో సగం ఎవరిదో ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

మాల ఎందుకు వేయించారో ఆ ముగ్గురికే తెలుసు. చిన్న మంగళారంలో రంజిత్‌కు ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచే పాలీహౌస్ ఉంది. అతను ఫోన్‌లో ఏం చూస్తాడో పెళ్లయిన ఏడాదిలోనే సమతకు తెలిసింది. మగవాళ్లంతా ఇంతేనేమో అనుకుంది. తర్వాత అతను ఫోన్‌లోని ఆడవాళ్లతో ఆమెను పోల్చడం మొదలుపెట్టాడు. ఆ పోలికకు ఆమె కుదరకపోతే కోపం. ఆ కోపం మర్నాడు కూరలో ఉప్పు మీద, ఇస్త్రీ చేయని చొక్కా మీద బయటపడేది. వినేవాళ్లకు అది ఉప్పు గొడవ. అసలు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కిందటి వానాకాలం కూతురు మేఘ హోంవర్క్ కోసం తండ్రి ఫోన్ తీసుకుంది. కాసేపటికి దాన్ని తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. ఆ రోజే సమత అత్తకు చెప్పింది.

కౌసల్యమ్మ గోడ వైపు తిరిగింది. "నువ్వు మంచిగుంటే వాడు ఫోన్ దిక్కు ఎందుకు చూస్తడు పిల్లా?" అన్నది. మళ్లీ తనే, "మాల ఏపిద్దాం. దేవుడే మాన్పిస్తడు" అన్నది.

మాన్పించాడు కూడా. చేవెళ్ల గురుస్వామి సత్తయ్య ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన మనిషి. మాల వేస్తూ, అందరికీ చెప్పినట్టే రంజిత్‌కు గీతలోని ఒక శ్లోకం చెప్పి, రోజూ చదవమన్నాడు. చూసినదాన్నే తలుచుకుంటూ ఉంటే మనసు దానికి అతుక్కుంటుంది. అతుక్కున్నది కోరికవుతుంది. కోరిక కోపమవుతుంది. కోపంలో తెలివి పోతుంది, తెలివి పోతే మనిషి పోతాడు. ఇదీ దాని అర్థం. రంజిత్ ఫోన్ తల్లికి ఇచ్చేశాడు. వేరే గదిలో చాప మీద పడుకున్నాడు. పొద్దున శ్లోకం చదివేటప్పుడు కోపం అన్న చోటికి రాగానే అతని గొంతు తగ్గేది. దీక్షలో ఉన్నవాడు భార్యను కూడా మాత అనే పిలవాలి. ఒకరోజు భోజనం చేసి లేస్తూ, "నువ్వు తిన్నవా మాతా?" అని అడిగాడు. ఆ ఇంట్లో ఆ మాట తనను ఎవరైనా అడిగారా అని సమత చాలాసేపు ఆలోచించింది. మర్నాటి నుంచి ఆ శ్లోకం తానూ చదువుకుంది. తన ఇంటిని చూసి రాసినట్టే ఉంది. ఒక్కటే లేదు అందులో. ఆ కోపం ఎవరి మీద పడుతుందో లేదు.

స్వాములకు భిక్ష పెట్టిన మర్నాడు ఆమె ఫలహారం తీసుకుని పాలీహౌస్‌కు వెళ్లింది. ఇరుముడి కట్టుకుని శబరిమల బయల్దేరడానికి ఇంకా వారం ఉంది. జెర్బెరా పూల మడుల చివర రంజిత్ క్రేటు బోర్లించి కూర్చున్నాడు. చేతిలో పూలు కోసే కూలీ దగ్గర అడిగి తీసుకున్న ఫోన్ ఉంది. మాలను తిప్పి, స్వామి బిళ్లను వీపు వైపుకు వేసుకున్నాడు.

ఆమెను చూసి ఫోన్ కింద పెట్టాడు. ఏడ్చాడు. నటన కాదని ఆమెకు తెలుసు.

"మాల మీదుండి చూసిన సమతా. గిట్ల కొండెక్కితే నేను తిరిగి రాను. తీసేస్త."

మధ్యలో మాల తీస్తే ఊరికి కారణం చెప్పాలి. ఊళ్లో మర్యాదకు నిలిచే కారణాలు రెండే. ఒకటి చావు మైల, రెండోది ఇంటామె ముట్టు తగలడం. సాయంత్రం కౌసల్యమ్మ రెండోది ఎంచుకుంది.

"సమతకు ముట్టయింది, చూస్కోకుంట వండి పెట్టింది అని చెప్దాం. అయిపాయె."

"ఆ, అట్లనే చెప్దాం అమ్మ" అన్నాడు రంజిత్.

సమత అతని మొహం చూసింది. గుర్తొస్తుందేమోనని ఆగింది. రాలేదు. మూడేళ్ల కింద రక్తం ఆగకుండా పోతుంటే సిటీలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆమెకు గర్భసంచి తీసేశారు. కాగితం మీద సంతకం పెట్టింది అతనే. ఏళ్ల తరబడి ఆడవాళ్ల ఒళ్లు చూస్తూ కూర్చున్న మనిషికి భార్య ఒంట్లోంచి ఏం తీసేశారో గుర్తులేదు.

"నాకు సంచే లేదు గద అత్తమ్మ" అన్నది.

కౌసల్యమ్మకు గుర్తుంది. "ఊర్లె ఎవలకెరుక? అపెండిక్స్ అనే చెప్పినం గద. ఒక్క మాట పడితే నీకేం పోతది? వాని ఇజ్జత్ నిలవడ్తది."

రంజిత్ లేచి తన చాప దగ్గరికి పోయాడు.

మర్నాడు చేవెళ్లలో స్వాములు బస చేసే షెడ్డులో భజన అయ్యాక కౌసల్యమ్మ, సమతను షెడ్డు బయటే కూర్చోబెట్టి, ఆ మాట అందరి ముందూ చెప్పింది. అక్కడున్నది సమత చేతి భిక్ష తిన్న స్వాములే.

"మేమందరం తింటిమి గద ఆ చేతుల భిక్ష" అన్నాడు బాలప్ప స్వామి.

"సదువు చెప్పే టీచరమ్మ. ఆమెకే తెల్వకపోతే ఎట్ల?" అన్నారు వెనక నుంచి ఎవరో.

సత్తయ్య గొంతు పెంచలేదు. "జర చూస్కోవద్దా మాతా. తప్పయిందని స్వామికి మొక్కు. మేమందరం తానం చేసొచ్చి మళ్ల శరణం చెప్పుకుంటం. ఫికర్ చెయ్యకు."

సమత లేచింది. మొక్కడానికే లేచిందనుకుని కౌసల్యమ్మ కొంగు సర్దుకొమ్మని సైగ చేసింది. మొక్కడం తేలికే. మొక్కితే అతను మాల లేకుండా ఇంటికొస్తాడు. ఫోన్ అతని చేతికొస్తుంది. మైల ఆమె పేరున ఊళ్లో ఉండిపోతుంది. శ్లోకం చదువుతూ గొంతు తగ్గించిన మనిషి ఒకడు అతనిలో ఉన్నాడు. ఈ అబద్ధంతో వాడూ పోతాడు.

"నాకు ముట్టు కాలేదు స్వామీ" అన్నది. "గర్భసంచి తీసి మూడేండ్లాయె. నేను పెట్టిన భిక్షల దోషం లేదు."

సత్తయ్య మెల్లగా రంజిత్ వైపు తిరిగాడు.

"మరి మాల ఎందుకు తీస్తనంటున్నవ్ స్వామీ?"

రంజిత్ తల్లి వైపు చూశాడు. ఆమె నేల వైపు చూస్తోంది. అప్పుడు అతను సమత వైపు చూశాడు. బ్యాంకులో, కూతురి బడిలో, చుట్టాల ముందు, అతనికి మాట తోచనప్పుడల్లా అందించింది ఆమే. ఈ జవాబు కూడా ఆమెకు తెలుసు.

ఆమె షెడ్డులోకి వెళ్లి ఆడవాళ్ల వరసలో కూర్చుంది. అతను ఏం చెప్తాడో వినడానికి.