మనది కాని కార్డు

మా ఆయన ఏసోబుకు ఉన్న జబ్బల్లా ఒక్కటే, గొప్పలు చెప్పుకోవడం. పటాలంలో తంతి కొట్టే పని నేర్చి, యుద్ధం అయిపోయాక మోత్కూరుకు తిరిగొచ్చాడు. సర్కారు లైసెన్సు తెచ్చుకుని, లారీ బ్యాటరీ పెట్టి, ఇంట్లోనే రేడియో మిషను కట్టాడు. ముక్కూమొహం తెలియని వాళ్లతో టక్కుటక్కుమని మాట్లాడేవాడు. ఇట్లా మాట్లాడే ప్రతివాడికీ సర్కారు ఒక పిలుపు పేరు ఇస్తుంది. మాట కలిసినవాడు ఆ పేరును బట్టి పుస్తకంలో చిరునామా వెతికి, ఫలానా రోజు నీతో మాట్లాడానని రంగుల కార్డు పంపుతాడు.

పాలమూరు దిక్కు ఇంకొకడున్నాడట. వాడి పిలుపు పేరుకూ ఈయన పేరుకూ చివర ఒక్క టక్కు తేడా. వినేవాళ్లు పొరబడి వాడి కార్డులు మాకు పంపేవారు.

"గిది మనది కాదే సాలమ్మా. నేనెన్నడు బెజవాడతోని మాట్లాడలె," అనేవాడు. అంటూనే గోడకు మేకు కొట్టేవాడు!

"మనది కానప్పుడు గోడకెందుకయ్యా? వాపసు పంపు."

"జర ఉండనియ్యే. ఎవలకు తెలుస్తది?"

నాకు ఒళ్లు మండేది. కానీ ఏమనను? మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టే పటేలు, ఆ కార్డులు చూడ్డానికి మా గడప తొక్కాడు. ఠాణా అమీన్ కూడా వచ్చి చాయ్ తాగి, "బెజవాడ దాంక పోతదా నీ మాట?" అని అడిగాడు. "రోజూ పోతది సాబ్," అన్నాడు నా మొగుడు. ఆయన మొహం చూసి నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

తర్వాత రజాకార్ల కాలం వచ్చింది. బెజవాడ సరిహద్దుకు అవతల, యూనియన్‌లో ఉంది. ఆ పేరెత్తడమే నేరమైంది. అదే అమీన్ వచ్చి గోడ మీది కార్డులు పీకి, మిషను మోయించి, ఏసోబును కట్టి తీసుకుపోయాడు.

"అవి నావి కావు సాబ్, వేరేటోనియి!"

"నా ముంగట నువ్వే చెప్పినవు కదరా," అన్నాడు అమీన్.

జైలు దగ్గర మొహం చూడనివ్వలేదు. జ్వరంతో ఉన్నాడని మాత్రం విన్నాం.

ఒక పొద్దున తపాలా బంట్రోతు మళ్లీ కార్డు తెచ్చాడు. మా మరిది లింగస్వామి మిషన్ బడిలో చదివినవాడు. చదివి ఎగిరి గంతేశాడు. "వదినె! బెజవాడ నుంచే. అన్నను తీస్కపోయినంక తారీఖు! జైల్ల ఉన్నోడు ఎట్ల మాట్లాడుతడు? ఇగ అన్న బయటపడ్డట్టే!"

మా అత్త నాగులమ్మ పెద్దకొడుకు కోసం ఎసరు పెట్టింది. నేను కార్డు కొంగున ముడేసుకుని ఠాణాకు ఉరికాను.

అమీన్ అటూ ఇటూ తిప్పి చదివాడు.

"మీరే చూడున్రి సాబ్. మా ఆయన మీ జైల్లనే ఉండె. గీ మాట్లాడేటోడు వేరేటోడు."

"నిజమే, వేరేటోడే," అని తలూపాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. "మీ ఇంట్ల సదువొచ్చినోడు ఇంకెవడున్నడు?"

జవాన్లు అప్పటికే మా వాడ దారి పట్టారు.

నేను రొప్పుతూ ఇల్లు చేరేసరికి లింగస్వామి చేతులు కట్టేశారు. "మిషను మీరే గుంజుకపోతిరి కదయ్యా! దేనితోని మాట్లాడుతడు?" అని మొత్తుకున్నాను.

"ఇంకోటి దాసిన్రు," అన్నాడొక జవాను.

మా అత్తకు చూపు ఆనదు. బూట్ల చప్పుడు విని పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. జవాన్ల నడుమ నిలబడ్డ మనిషి మొహం కొంగుతో తుడిచి, "వచ్చినవా నా ఏసోబూ? బువ్వ ఉడుకుతాంది, కూసో," అన్నది.

"నేనమ్మా, లింగస్వామిని," అన్నాడు వాడు.