స్టూలు మీద క్షవరం

పరాయి దేశం వెళ్ళిన కొత్తలో నాకొక జబ్బు పట్టుకుంది. ఏ వస్తువు ధర చూసినా మన రూపాయల్లోకి మార్చుకుని గుండెలు బాదుకునేదాన్ని. మీ తాతయ్య అక్కడ ఫ్యాక్టరీలో వెల్డరు. క్షవరం ధర విన్న రోజున, "అయ్య బాబోయ్, ఈ డబ్బుతో మన వీధి వాళ్ళందరికీ గుండు కొట్టించొచ్చు!" అని, ఆయన్ని బాత్రూంలో స్టూలు మీద కూర్చోబెట్టి నేనే కత్తెర పట్టాను. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వచ్చేది. ఆయన టోపీ పెట్టుకుని పనికి వెళ్ళేవారు.

ఒకసారి కూర తరుగుతుంటే నా వేలు తెగింది. ఆ నెల తప్పక ఆయన్ని మంగలి షాపుకు పంపాను. గంటైనా రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. షాపు తలుపు అద్దంలోంచి చూస్తే, క్షవరం ఎప్పుడో అయిపోయింది. వచ్చీరాని మాటలతో, చేతులు తిప్పుతూ, మంగలికి ఏదో చెబుతూ పగలబడి నవ్వుతున్నారు. మన ఊళ్ళో మంగలి షాపులో పూటంతా కబుర్లాడిన మనిషి. ఆ దేశం వచ్చాక ఆయన అలా నవ్వగా నేను చూడనేలేదు.

బయటికి రాగానే, "భలే మనిషే! మళ్ళీ నెల కూడా రమ్మన్నాడు," అన్నారు.

"ఎందుకు రమ్మనడూ? మూడు వారాల బియ్యం డబ్బులు గుంజాడుగా!" అన్నాను.

మరుసటి నెల నేను పిలవకముందే ఆయనే కత్తెర తెచ్చి నా చేతికిచ్చి, స్టూలు మీద కూర్చున్నారు.

"పోనీ, షాపుకే వెళ్ళండి" అనే మాట నోటిదాకా వచ్చింది. అయినా కత్తిరించాను. ఆయన పోయేదాకా, పదకొండేళ్ళు, నేనే కత్తిరించాను.