ఊడని ఉంగరం

ఆ ఉంగరం ఊడదన్న సంగతి వర్క్‌షాపులో అందరికీ తెలుసు. మడతల గదిలోకి నగా నట్రా పెట్టుకుని రాకూడదన్నది అక్కడి మొదటి నియమం. సబ్బు రాశారు, నూనె రాశారు, చివరికి ఇన్‌చార్జి స్వయంగా లాగి చూసి విసిగిపోయి, "సరే, టేపు చుట్టి పైన గ్లౌజు వేసుకోండి" అన్నాడు. పోయిన మొగుడు ఆవిడ వేలికి తొడిగిన ఉంగరం అది. ఆయన బతికున్నప్పుడూ అంతే, పట్టిన పట్టు వదిలే రకం కాదు.

ఆవిడను అక్కడ మడతలమ్మ అంటారు. చంద్రుడి నుంచి తిరిగొచ్చే నౌక నేలకు గుద్దుకోకుండా ఆపే పారాచూట్‌ను మడవడం ఆవిడ పని. రాకెట్లు తమంతట తామే ఎగిరి తమంతట తామే దిగే రోజులొచ్చినా, హాలంత గుడ్డను తాళ్ళు చిక్కుపడకుండా మడిచే యంత్రం మాత్రం ఇంకా పుట్టలేదు. ఈసారి మడిచింది సొంత కోడలి పారాచూట్. చంద్రుడి మీద ఎండ పడని గుంటల్లో గడ్డకట్టిన మంచును తవ్వి నీళ్ళు చేయడానికి వెళ్తున్న మొదటి జట్టులో కోడలుంది.

మడత ముగిసిన మర్నాడు పొద్దున గిన్నెలు తోముతుంటే చేతికి ఏదో తేడాగా అనిపించింది. చూసుకుంటే వేలు బోసిగా ఉంది.

కోడలు ఎంపికైన దగ్గర్నుంచి ఆవిడకు తిండి సహించలేదు, కంటిమీద కునుకు లేదు. మనిషి సగమైంది. మనిషి చిక్కితే వేలు చిక్కదా? ఆ మాట ముందే తట్టాల్సింది, తట్టలేదు. సింకు కింద గొట్టం విప్పింది, పరుపు దులిపింది, ఆఖరికి చెప్పుల్లో కూడా వెతికింది.

"ఏంటమ్మా, కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అన్నాడు కొడుకు.

చెప్పింది. ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా వాడు గొంతు తగ్గించాడు.

"గ్లౌజులో పోయుంటుందిలే."

"ఏరోజు గ్లౌజులు ఆరోజే కాల్చేస్తార్రా. ఇప్పుడు చూద్దామన్నా లేవు."

"మరి పారాచూట్‌లోనే ఉందని ఏంటి గ్యారంటీ? నువ్వు చెప్తే మొత్తం విప్పుతారు, మళ్ళీ మడవడానికి వారాలు పడతాయి. రెండో జట్టు నౌక రెడీగా ఉంది, ముందు వాళ్ళెళ్ళిపోతారు. తను ఎన్నేళ్ళుగా దీనికోసమే బతుకుతోందో నీకు తెలీదా? దణ్ణం పెడతా, చెప్పకమ్మా."

"గ్లౌజు మార్చుకునేటప్పుడు ఉంగరం జారి తాళ్ళ మధ్య ఇరుక్కుంటే?"



మడతలమ్మ కోడలికే ఫోన్ చేసింది. ప్రయాణం ముందు ఏ జబ్బూ అంటకుండా జట్టునంతా విడిగా ఒక భవనంలో పెట్టారు. వంటగదిలో అత్తాకోడళ్ళకు క్షణం పడదు గానీ, ఫోన్లో బాగానే మాట్లాడుకుంటారు.

"ఏంటత్తయ్యా పొద్దున్నే? మీ అబ్బాయి మళ్ళీ పాలు పొంగించాడా?"

ఆవిడ సంగతంతా చెప్పింది.

"ఇన్‌చార్జికి చెప్పారా?"

"లేదమ్మా. నిన్నొక మాట అడిగి..."

"నన్నడగడమేంటి!" కోడలు అరిచింది. "దాని కింద నేనొక్కదాన్నే వేలాడతానా? నాతో ఇంకో ముగ్గురున్నారు. ముందు వెళ్ళి చెప్పండి!"

ఫోన్ కట్టయింది. మడతలమ్మకు సిగ్గేసింది. తన కోడలు తప్ప మిగతా ముగ్గురు ఆవిడకు గుర్తే రాలేదు.

వర్క్‌షాపులో ఆవిడ సంగతి చెప్పగానే మొదట పారాచూట్ మూటకు ఎక్స్‌రే తీశారు. తాళ్ళ కొక్కేల గుంపులో ఒక గుండ్రటి నీడ కనిపించింది. ఉంగరమో, కొక్కెమో ఎవరూ తేల్చలేకపోయారు. విప్పక తప్పలేదు. ఆవిడ గోడకు ఆనుకుని నిలబడింది, వాళ్ళు ఆవిడను చెయ్యి వేయనివ్వలేదు. తను కంటికి రెప్పలా చూసుకుంటూ పెట్టిన మడతలన్నీ ఒక్కొక్కటే విడిపోయాయి. ఆ నీడ కొక్కెందే. ఉంగరం లేదు.

ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అంటే కాస్త తేలికపడేదేమో. "ఇంటికెళ్ళండి, కబురు చేస్తాం" అన్నాడు ఇన్‌చార్జి.

రెండో జట్టు వెళ్ళిపోయింది. కోడలు ఇంటికొచ్చి ఆ రాకెట్ లేవడం టీవీలో చూసింది. అన్నం ముందు పెట్టుకుందే గానీ ముద్ద ఎత్తలేదు. మడతలమ్మ వంటగది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రాకెట్ చుక్కంతయి కనుమరుగయ్యాక కోడలు కళ్ళు తుడుచుకుంది.

"ఏడుపొస్తోందత్తయ్యా. కోపం కూడా వస్తోంది. మీ మీదే."

"రానీ అమ్మా" అంది ఆవిడ.

అప్పుడే కోడలికి ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. కోడలు స్పీకర్ పెట్టింది.

"తర్వాతి వంతు మీదే. ఈసారి మడవడానికి కొత్త మనిషిని పెడుతున్నాం. మీ జట్టుకేమైనా అభ్యంతరమా?"

కోడలు అత్తగారి చేతివంక చూసింది. ఉంగరం చోట చర్మం ఇంకా తెల్లగానే ఉంది.

"అభ్యంతరమే. మా అత్తయ్యే మడవాలి. ఇప్పుడావిడ వేలికి ఊడిపోవడానికేం లేదు."