తల్లుల చెరువు

"మామయ్యా, బూట్లు!" అన్నాను.

"బూట్లకి తాబేలు తెలుస్తుందా? తెలిసేది కాలికే," అంటూ మా మామగారు పెంగ్ వట్టి కాళ్లతోనే తల్లుల చెరువులోకి దిగారు.

వల వేస్తే తాబేళ్లు ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఆ గాయాల్లోంచి జబ్బు దూరుతుంది. అందుకే హాన్‌షోవ్‌లో తాబేళ్లు పెంచే మావాళ్లు చెరువు అడుగున పాదంతో తడిమి, ఒక్కొక్కదాన్నే పైకి తీస్తారు. కింది చెరువులో పిల్లలన్నీ మెడలు వాచి చచ్చిపోయాయి. మాకిక మిగిలింది ఈ తల్లులే. ఇవీ పోతే గుడ్లుండవు, మళ్లీ పిల్లలుండవు.

చచ్చినవాటి కాలేయంతోనే టీకా మందు చేయించాం. టీకాల తాన్ గట్టున కూర్చుని సిరంజిలు నింపుతున్నాడు.

"మందు పట్టడానికి వారాలు కావాలి. అందాకా కింది చెరువు నీళ్లు చుక్క కూడా ఇటు రాకూడదు," అన్నాడు.

మామగారు అందించిన తాబేలును వెల్లకిలా తిప్పాను. బోర్లా పడాలని అది మెడ సాచింది. వెనక కాలి మొదట్లో మెత్తటి చోటు చూసి సూది దించాను.

"పొడవమంటే పూలు కుడుతున్నావేమే?" అన్నారు మామగారు.

"కోడల్ని తిట్టకు పెద్దాయనా. నీ చేతికిస్తే ముందు నన్నే పొడుస్తావు," అని తాన్ నవ్వాడు.

మామగారు నవ్వలేదు. తీసిన ప్రతిదాని గొంతూ నొక్కి చూస్తున్నారు. "ఇది బాగానే ఉంది కదా? చెప్పు తాన్, బాగానే ఉంది కదా?"

టీ తాగడానికి ఆయన గట్టెక్కి కాళ్లు చాపారు. తల్లుల చెరువులో ఉన్నది పసుపుపచ్చ ఇసుక. ఆయన వేళ్ల సందుల్లో మాత్రం నల్లటి బురద ఉంది.

"పొద్దున కింది చెరువులో దిగారా?"

"చచ్చినవి అడుగున ఉండిపోయాయి. తీయొద్దూ?"

"వట్టి కాళ్లతోనా?"

మామగారు తాన్ వైపు చూశారు. "కాలవలో కడుక్కున్నాను."

"సున్నం నీళ్లలో కాదా? కాలవ నీళ్లకి జబ్బు చస్తుందా?" తాన్ సిరంజి కింద పెట్టాడు.

"బాగా రుద్ది కడుక్కున్నాను, తాన్!"

అవతలి ఒడ్డున ఒక తల్లి ఊపిరికి పైకొచ్చి మునిగింది. దాన్ని చూసి మామగారు లేచారు. నీళ్లలో పెట్టబోయిన కాలు గాలిలోనే ఆగిపోయింది. దాన్ని ఎక్కడ దించాలో తెలియనట్టు నిలబడ్డారు.

"అమ్మాయ్, నువ్వు దిగు," అన్నారు. "మిగిలినవాటికైనా పొడుద్దాం."

సున్నం బకెట్‌లో కాళ్లు ముంచాను. పగుళ్లు భగ్గుమన్నాయి. చెరువులో దిగితే కాలికింద అంతా మెత్తగా, ఒకేలా ఉంది.

"తెలిసిందా?"

"లేదు, మామయ్యా."

"తెలుస్తుంది. ఇంకాస్త లోపలికి వెళ్లు తల్లీ, ఇంకాస్త."