టాబ్‌ల తుడిచిన పెండ్లి

భోకర్ నుంచి నాందేడ్ పోయే ఎర్ర బస్సుల ముత్తన్న తొడల మీద టాబ్ వెట్టుకొని పెండ్లి ఫోటోలు ఏరుతుండు. మంచిదానికి చుక్క వెడ్తడు, కండ్లు మూసినదాన్ని పక్కకు జరుపుతడు. ఫోటో దుకాణం పని సగం రోజూ బస్సులనే అయితది. ఏబై మూడేండ్ల మనిషి. ఒకప్పుడు ఫిలిం కడిగిన మందుకు కుడిచెయ్యి వేళ్ల తోలు మొద్దువారింది. టాబ్ మీద రెండుమూడు సార్లు ఒత్తితే గాని పని జెయ్యదు.

ముద్ఖేడ్ దగ్గరవడంగ టాబ్‌ల జాగ నిండింది. కెమెరా తీసింది తీసినట్టుండే రా ఫోటోలు, ఒక్కొక్కటి మస్తు బరువు. ముత్తన్నకు భయం గాలేదు. అవన్నీ నిన్ననే దుకాణం కంప్యూటర్లకు పోయినయి, కండ్లార చూసిండు. ప్రింట్ చింపితే నెగటివ్‌కేమైతది? ముప్పై ఏండ్ల సంది గదే లెక్క. దిగంబర్ బిడ్డ పెండ్లివి తొమ్మిదొందలు తుడిచేసిండు. టాబ్ చెత్తబుట్టలయి గూడ తుడిచిండు. ఇంగ్లిష్‌ల ఏదో అడిగితే ఎప్పటిలెక్కనే ఓకే ఒత్తిండు. మల్లేదో రాత వచ్చింది. ఎంత ఒత్తినా పోతలేదు.

పక్కన బడి టీచర్ వనమాల కూసున్నది.

"మేడం, గిదేమంటుంది, జర సదువుండ్రి."

"అన్ని మిషన్లకెల్లి తీసేసినం అంటుంది కాకా. కంప్యూటర్ నెట్‌కు కలవంగనే అండ్లయి గూడ పోతయట."

"కంప్యూటర్లయి వేరే గదా?"

"వేరే కాదట. రెండూ ఒక్కటేనట."

కెమెరా కార్డు? అది నిన్న సాయంత్రమే ఖాళీ జేసి ఇంకో పెండ్లికి ఇచ్చిండు. తన చేత్తోనే.

పెండ్లినాడు దిగంబర్ చెయ్యి వట్టుకొని చెప్పిండు: "మా అవ్వది ఒక్క మంచి ఫోటో తియ్యన్నా. ఆధార్ కార్డు మీదిది తప్ప ఇంకోటి లేదు. పానం మంచిగ లేదు." దిగంబర్ తల్లి పెంటవ్వను కుర్చీల కూసోవెట్టి ఆరు తీసిండు.

దుకాణం సేటు స్వప్నిల్ పదిగొట్టంగ షట్టర్ ఎత్తుతడు. ముందుగాల కంప్యూటర్ చాలు జేస్తడు, తర్వాత ఊదుబత్తి. పూజ అయ్యేదాక ఫోన్ ముట్టడు. ముత్తన్న ఎనిమిదిసార్లు కొట్టిండు. ఎత్తలే. గంతల రైలు గేటు వడ్డది.

"కండక్టర్ సాబ్, జర జల్ది..."

"రైలును పక్కకు జరుగుమందునా కాకా?"

బస్సుల అందరు నవ్విండ్రు. ముత్తన్న తొమ్మిదోసారి ఫోన్ కొట్టిండు.

బస్టాండ్‌ల దిగి ఆటో ఎక్కిండు. దుకాణానికి చేరేసరికి పదీ ఇరవై. స్వప్నిల్ ఊదుబత్తి తిప్పుతుండు. కంప్యూటర్ల ఫోటోల లెక్క దిగుతుంది, మూడొందల పది, రెండొందల తొంబై... ముత్తన్న బల్ల కిందికి దూరి నెట్ తీగ పీకేసిండు.

"కాకా! పిచ్చి లేసిందా?"

"బస్సుల నేనే తుడిచిన సేటూ. టాబ్‌ల తుడిస్తె ఈడ గూడ పోతయని నాకు తెల్వది."

స్వప్నిల్ ఊదుబత్తి పక్కకు గుచ్చిండు. "మా నాయిన చెప్పిండు, నువ్వు ఒక్క ఫిలిం గూడ ఖరాబ్ చెయ్యలేదని. దిగంబర్‌కు నువ్వే చెప్పు. నాతోని గాదు."

మిగిలినయి రెండొందల పదకొండు. వాటిని వేరే డిస్కులకు ఎక్కించి, ఒక్కొక్కటి తెరిచి చూసిండు. కుర్చీలయి ఆరింటికి ఆరు లేవు. పసుపు కొట్టేకాడ, వెనక మూలకు, ఒక్కటి దొరికింది. పెంటవ్వ కండ్లద్దాలు తీసి ఒళ్లె వెట్టుకొని పెండ్లిపిల్ల దిక్కు చూస్తుంది. మొఖమంత చీకటి. రా ఫోటో గాబట్టి వెలుగు పెంచే గీత జరుపంగ జరుపంగ చీకట్లకెల్లి చెంపలు, ముడుతలు, పండ్లు లేని నోరు మెల్లగ పైకొచ్చినయి.

పన్నెండు దాటినంక దిగంబర్ వచ్చిండు. కాళ్లకు చెప్పులు లేవు.

"అవ్వ పోయిందన్నా. దవాఖానల. బండి బయట నిలవడ్డది, ఊరికి తీస్కవోతున్నం. ఫోటో ఉంటె ఇయ్యి."

ముత్తన్న తెర అటు తిప్పిండు. "ఆరు తీసిన దిగంబర్. నా చేత్తోనే పోగొట్టిన. గిదొక్కటి మిగిలింది."

దిగంబర్ తెర మీదికి వంగిండు. ఒక్క తిట్టు తిట్టినా మంచిగుంటుండె అనుకున్నడు ముత్తన్న.

"అద్దాలు లేకుంటె అవ్వ లెక్క లేదు," అన్నడు దిగంబర్. జేబులకెల్లి ఒక జత తీసి బల్ల మీద వెట్టిండు. "మొఖం మీదికెల్లి తీసి జేబుల ఏస్కున్న. గివి జూసి గీస్తవా?"

"గీస్త. పావుగంట."

బయట బండి హారన్ కొట్టింది. మల్ల కొట్టింది.

"వద్దు తియ్. గిట్లనే ఇయ్యి."

ప్రింట్ మిషన్లకెల్లి వేడివేడిగ వచ్చింది. దిగంబర్ దాన్ని రెండు చేతుల వట్టుకొని ఉరికిండు. ముత్తన్న వెనకవడి పిలిచేసరికి బండి మూల తిరిగింది.

బల్ల మీద అద్దాలు అట్లనే ఉన్నయి. ఒక కాడకు నల్లదారం చుట్టి ఉన్నది. ఎడమ అద్దం మీద బొటనవేలంత పసుపు మరక, ఎండింది.