లేని దేశపు హెలికాప్టర్

ఎనభై మూడులో నాకు సవతి వచ్చింది, ఓడ మీద. మా ఆయన వెంకటాచలపతి స్నేహితుడు రంగనాథం ఓడలో పనిచేస్తాడు. సింగపూరు నుంచి వస్తూ ఓ అట్టపెట్టె తెచ్చిచ్చాడు. లోపల ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉన్న చిన్నచిన్న ముక్కలు. వాటిని కోసి అతికిస్తే తీరరక్షక దళంవాళ్ళ హెలికాప్టర్ బొమ్మ అవుతుందట. ఏ దేశానిదని అడిగితే, అలాంటి దేశం భూమ్మీదే లేదు, కిట్టు చేసినవాళ్ళు కల్పించిన పేరు అన్నాడు మా ఆయన. లేని దేశపు హెలికాప్టర్ కోసం ఉన్న పెళ్ళాన్ని వదిలేశాడు.

అంతకు ముందు మిరపకాయల మండీ మూసి రాగానే మేడ మీద నా పక్కన కూర్చునేవాడు. తొండియార్‌పేటలో ఆ కాస్త సముద్రపు గాలే మాకు షికారు. ఇప్పుడు గాలొస్తే ముక్కలు ఎగిరిపోతాయని కిటికీలు కూడా మూయిస్తున్నాడు. నా తలలో పూలు చూడని మనిషి దాని తోకకు నారింజరంగు చార వేసి, ఊది ఊది ఆరబెట్టి మురిసిపోతున్నాడు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. పొద్దున్నే లేచి ఆయన సన్నకత్తి, పట్టకారు, జిగురు ట్యూబు, బ్రష్షులు అన్నీ ఏరి, గంధం కుంకుమ పెట్టి, బొరుగుల పళ్ళెం పక్కన అమ్మవారి ముందు పేర్చేశాను.

ఆయన చూసి నీళ్ళు నమిలాడు. "అమ్మా, ఆ కత్తొకటి తీసుకుంటా. ఒక్క నిచ్చెన ముక్కే మిగిలుండాది," అన్నాడు వాళ్ళమ్మతో.

మా అత్త చెల్లమ్మ గయ్యిమంది. "పూజలో పెట్టినాక రేపు తీసేదాకా ముట్టకూడదని తెలీదంట్రా నీకు? సుమ్మా, ఊరికే కూర్చో ఈడ!"

ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

సాయంత్రం కనకాంబరాలు పెట్టుకుని మేడెక్కాను. కాసేపటికి ఆయనా వచ్చి పక్కన కూర్చున్నాడు. నా చెయ్యి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే నిమిరాడు. అలా పట్టుకుని నెల దాటింది. గెలిచాననుకున్నాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"హైమా, నీ గోళ్ళు ఎంత సన్నంగా ఉండాయే!"

"ఇప్పుడు కనిపించినాయా మీకు?"

"ఆ నిచ్చెన ముక్కని విరక్కుండా చట్రం నుంచి గోటితో గిల్లి ఇస్తావా? కత్తి ముట్టన్లే. రేపు పొద్దున అతికిస్తా."

ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ పూజలో పెట్టేశాననుకున్నాను. నా చేతులు మర్చిపోయాను.

అయినా లేచి కిందికి దిగాను. చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది, విడిపించుకోబుద్ధి కాలేదు.