చీమల సాక్ష్యం

కూలీల మేస్త్రి బలరాం సర్దారు గడ్డపారతో వచ్చేసరికి రంగమ్మ ఇంకా పొయ్యి ముట్టించలేదు.

ఫిజీ దీవుల్లో లంబాసా చెరకు మిల్లు కూలీల కోసం కట్టిన రేకుల లైను అది. వరసగా పదహారు గదులు. మధ్య గోడలు కప్పు దాకా రావు. ఒక గదిలో తుమ్మితే నాలుగో గదిలో వాళ్లు ఉలిక్కిపడతారు. సర్దారు అరుపుకి లైనంతా బయటికొచ్చింది.

"ఏయ్ మున్సామీ! మిల్లు నుంచి చీనీ ఎత్తుకొచ్చి యాడ దాచినావ్? బోల్!"

రంగమ్మ మొగుడు మున్సామి కళ్లు నులుముకుంటూ వచ్చాడు. మిల్లు గేటు దగ్గర చెరకు బండ్లకు కాపలా ఉంటాడు. కుడికాలి బొటనవేలికి గుడ్డకట్టు.

"చక్కెరా? నేనా?"

సర్దారు గది వెనక్కి చెయ్యి చూపించాడు. బొప్పాయి చెట్టు మొదట్లో నేల నల్లగా కదులుతోంది. చీమలు! గుప్పెళ్లతో చల్లినట్టున్నాయి.

"చీనీ లేకుండా ఇన్ని చీమలు ఊరికే వస్తాయా?"

రంగమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. ఐదేళ్ల గిరిమిట్టు, అంటే కూలి ఒప్పందం, తీరడానికి ఇంక నాలుగు నెలలే. ఆ తర్వాత డ్రెకేటిలో కౌలు నేల, సొంత వరి. ఇద్దరూ ఆ మాటే చెప్పుకుంటూ ఇన్నేళ్లూ నిద్రపోయారు. దొంగతనం కేసు పడితే అంతా పోయినట్టే.

సర్దారు మోకాలి లోతు తవ్వాడు. తడిమట్టి తప్ప ఏమీ దొరకలేదు. జ్వరాలు చూడడానికి లైనుకొచ్చిన ఆసుపత్రి కంపౌండరు భగవాన్ ఆ గుంట పక్కన గొంతుక్కూర్చున్నాడు. కాసేపు చీమల్నే చూసి, ఎవరూ ఊహించని ప్రశ్న వేశాడు.

"రాత్రిళ్లు ఇక్కడ ఒంటికి పోసేదెవరు?"

లైనంతా ఘొల్లుమంది. మున్సామి తల దించుకున్నాడు.

"నేనే సామీ. గది దాటి దూరం పోయే ఓపికుండదు. ఐదారుసార్లు లేస్తా. కుండెడు నీళ్లు తాగినా దప్పిక తీరదు."

"ఆ కాలిపుండు ఎన్నాళ్ల నుంచి?"

"రెండు నెలలాయె. చెరకు కత్తి తగిలింది."

భగవాన్ లేచి చేతులు దులుపుకున్నాడు. "సర్దార్‌జీ, చక్కెర దొరికింది. ఇతని ఒంట్లోనే ఉంది."

ఆసుపత్రిలో డాక్టరు దొర మున్సామి మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి, నీలిమందు కలిపి కాచాడు. రంగమ్మ కళ్లముందే అది ఇటుక రంగుకి తిరిగింది. దొర మాట్లాడాడు, భగవాన్ తెలుగులో చెప్పాడు.

"ఇది మధుమేహం. దీనికి సీసాలో మందు లేదు, తిండే మందు. అన్నం, రొట్టె, చక్కెర, దుంపలు బంద్. చేపలు, గుడ్లు, ఆకుకూరలు, కొబ్బరి తినచ్చు. పొద్దునా సాయంత్రం నడవాలి, ఉత్తకాళ్లతో మాత్రం అడుగు పెట్టకూడదు. ఆరు వారాల్లో పుండు మానిందా, సరే. లేదా, ముందు వేలు తీస్తారు. తర్వాత పాదం."

వరిమడిలో ఒంటికాలితో దిగేదెట్టా? అనుకుంది రంగమ్మ.

ఆ సాయంత్రమే మున్సామి ఇంకో సంగతి ఒప్పుకున్నాడు. కాపలా కూర్చుని, పొద్దుపోక, రోజుకు నాలుగైదు చెరకుగడలు నమిలేవాడట. రంగమ్మ తిట్టలేదు. బియ్యం కుండ పక్క గదిలో రాజ్ కుమారికి ఇచ్చేసి వచ్చింది.

మర్నాడు చేమాకు కొబ్బరిపాలలో ఉడికింది. కాకరకాయ వేగింది. నదిలో చేపలు పట్టే ఫిజీ ఆడవాళ్ల దగ్గర, తను అల్లిన చాప ఇచ్చి, చేపలు తెచ్చుకుంది.

మున్సామి ఆకు ముందు కూర్చుని దిక్కులు చూశాడు. "మే, కూడు లేకుండా కూరొక్కటే తింటే దాన్నేమంటారు?"

"తిను మామా. పేరు తర్వాత పెడదాం."

పక్క గదిలో అన్నం ఉడికే వాసన గోడ మీంచి దిగేది. ఆ వేళకు రంగమ్మ అతన్ని నడకకి తరిమేది. పుండుకి ఒరుసుకోకుండా పాత గుడ్డబూటు ముందుభాగం కోసి తొడిగింది. మిల్లుకి చెరకు మోసే ట్రాములైను పక్కన అతను టపటపా నడుస్తుంటే కూలీలు "దొరవారు బయల్దేరినారు!" అని దారిచ్చేవాళ్లు.

నీలిమందు రంగమ్మ దగ్గర లేదు. చీమలున్నాయి. బొప్పాయి చెట్టు కింద గుంట పూడ్చి, నేల చదును చేసి, "ఈడనే పోయ్" అని మొగుడికి చెప్పింది. పొద్దున లేవగానే ఆ నేలే చూసేది. ఎనిమిదో రోజుకి చీమలు పలచబడ్డాయి. ఇరవయ్యో రోజుకి ఒక్కటీ లేదు. పుండు అంచులు గులాబిరంగుకి తిరిగాయి.

ముప్పయ్యో రోజు పొద్దున చీమలు మళ్లీ కనిపించాయి.

ఈసారి బొప్పాయి కింద కాదు. లైను చివర, నిమ్మగడ్డి పొద పక్కన. రంగమ్మకి ఒళ్లు మండింది. చోటు మార్చి తనని మోసం చేస్తున్నాడన్నమాట!

"నోరు తెరువు." వాసన చూసింది.

"చేపల కంపు తప్ప ఏముంది మే?"

"జోబీ చూపించు. గడ నమిలినావా, లేదా?"

"నీ మీద ఒట్టు. ముట్టలేదు."

"మరి ఆ చీమలకి నిమ్మగడ్డి కాడ ఏం పని?"

"వాటినే అడుగు పో!"

రెండు రోజులు మాటల్లేవు. మున్సామి తిన్న ఆకు విసురుగా పారేసి పోయేవాడు. మూడో సాయంత్రం రంగమ్మ పొయ్యిలో బూడిదంతా తీసి, జల్లించి, నిమ్మగడ్డి చుట్టూ పలచగా చల్లింది.

తెల్లారి చూస్తే బూడిదలో అడుగులు పడి ఉన్నాయి. కోసిన గుడ్డబూటు అడుగులు కావు. పెద్దవి, మేకులు కొట్టిన తోలుబూట్లవి. లైనులో అలాంటి బూట్లు ఒక్కరికే ఉన్నాయి.

బలరాం సర్దారు లైను చివర తన గది గడప మీద నిలబడి చెంబెత్తి నీళ్లు తాగుతున్నాడు. చిక్కిన నడుం మీద బెల్టుకి కొత్తగా రెండు బొక్కలు పడ్డాయి. రంగమ్మ అదీ చూసింది.

"సర్దారు గారూ, గడ్డపార ఒకసారి ఇస్తారా?"

"కాయ్‌కు?"

"నిమ్మగడ్డి కాడ ఎవరో చీనీ దాచినారు. తవ్వి చూద్దామని."

సర్దారు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. నిమ్మగడ్డి వైపు చూశాడు, చేతిలో చెంబు చూసుకున్నాడు. నెమ్మదిగా గడప మీద కూలబడ్డాడు.

"హమ్‌కో భీ? నాకూ ఉందా?"

"రాత్రికి ఎన్నిసార్లు లేస్తారు?"

"చార్... పాంచ్." గొంతు తగ్గించాడు. "కాలు కోసేస్తారా, రంగమ్మా?"

"మీకింకా పుండు లేదు కదా, భయమెందుకు? ముందు ఆసుపత్రికి పదండి. మీరు రోజూ తిరిగే గుర్రం మీద కాదు, నడిచి."

ఆ మధ్యాహ్నం మున్సామి ఆకులో రెండో చేపముక్క పడింది.

"ఇదెందుకు?"

"తిను."

"చీమల్ని అడిగినావా?"

"అడిగినా. నువ్వు కాదంట."

మున్సామి మొహం చాటు చేసుకుని నవ్వాడు. చేప పూర్తిగా తిన్నాడు.

ఆరో వారం చివర భగవాన్ కట్టు విప్పాడు. పుండు ఎండి, కొత్త తోలు పట్టింది. వేలు ఉంటుందన్నాడు దొర. రోజుకి గుప్పెడు అన్నం కూడా తినచ్చన్నాడు.

"నీ గుప్పెడు కాదు," అని భగవాన్ తనవంతు కలిపాడు. "నీ పెళ్లాం గుప్పెడు."

ఆ రాత్రి మున్సామి ఆ గుప్పెడు అన్నాన్ని చేపకూరతో ఎంతసేపు తిన్నాడంటే, పక్క గదుల్లో దీపాలన్నీ ఆరిపోయాయి.

తెల్లవారగానే రంగమ్మ బొప్పాయి చెట్టు దగ్గరికి పోయి వంగి చూసింది. అవతల నిమ్మగడ్డి దగ్గర సర్దారు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తనూ నేల చూస్తున్నాడు.

"మీ తట్టు?" అంది రంగమ్మ.

"నాలుగు. నిన్న పదుండె. నీ తట్టు?"

రంగమ్మ ఇంకోసారి చూసింది. చదును చేసిన నేల మీద మంచు తడి తప్ప ఏమీ లేదు.

"ఒకటీ లేదు."

గదిలోంచి మున్సామి బూటు తొడుక్కుని వచ్చాడు. "చూసింది చాల్లే సర్దార్! ఎండ రాకముందే పోదాం రా," అని ట్రాములైను వైపు అడుగేశాడు. సర్దారు మేకుల బూట్లు అతని వెనకే కదిలాయి.